కాలు విఱిగిన కుక్కయు, కలిగినంతలో చికిత్సయు

"కుక్కకు శస్త్రచికిత్సయా! మనుష్యులకే దిక్కులేని దేశమున నిదియొక విడ్డూరమా?" అని పరిహసించువారు పెక్కండ్రు గలరు. వీధికుక్కను విడిచి, ఇంటికుక్కను వీధిపాలు చేసినంతమాత్రమున నే యనాథకు పట్టెడన్నము దొరకినదో వారే చెప్పవలయును. వారితో మాకంత వివాదము లేదు. మా వివాదమెల్ల కుక్కను ముద్దుచేసి పెంచిన గృహస్థులతోడనే.

వీరు దానికి పుట్టినదినపు వేడుకలు చేయుదురు. ఛాయాపటములు తీసి బంధువులకు పంపుదురు. ఒకనాడది బండి క్రింద బడియో, మేడమీదినుండి దూకియో కాలు విఱుగగొట్టుకొనును. లోహపుపలక బిగింపవలయుననియు, అందుకిన్ని వేలగుననియు వైద్యుడు చెప్పును. ఆ రాత్రియే యా మూగజీవము సంతదాపుననో, గుడివాకిటనో విడువబడును. "ఏమి చేయుదుము? స్తోమతు లేదు" అందురు.

స్తోమతు లేకుండుట నేరము కాదు. కాని శస్త్రమునకు సొమ్ము లేదనుట వేఱు, చేయదగినదేమియు లేదనుట వేఱు. ఈ రెంటిని నొకటిగ జేసి చూపుటయే మేము ఖండించు కపటము.

విఱిగిన యెముకలన్నియు నొక్కతీరువి కావు. మోచేతికిని మోకాలికిని దిగువను, చర్మము చీలక, కొనలంతగా తొలగక విఱిగినయెడల, అందును పిల్లకుక్కలయందు, పిండికట్టుతోడనో బద్దకట్టుతోడనో యతుకుకొనుట తఱచు. కూనలకు మూడు నాలుగు వారములు, పెద్దవానికి ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. కట్టు పనిచేయవలయునన్న విఱిగినచోటికి పై కీలును, క్రింది కీలును గూడ కదలనీయరాదు. అందుచేతనే తొడయెముకకును భుజపుటెముకకును కట్టు పనికిరాదు. పై కీలు బంధింపబడదు, కట్టు బరువై వ్రేలాడి గాయమును మఱింత కదలించును. పొమరేనియను వంటి చిన్నజాతుల ముంగాలి యెముకయు కట్టుతో సరిగా నతుకకపోవుట కలదు. ఇక కటియెముక విఱిగిన కుక్కలలో ననేకము ఇరుకైన చోట కొన్ని వారముల విశ్రాంతిచేతనే లేచి నడచును. ఇవన్నియు తెలియుటకు క్ష-కిరణముల పటమొకటి కావలయును. దాని వెల శస్త్రపు వెలలో స్వల్పభాగము.

విన్నంతనే మన గృహిణులు చెవులు మూసికొను మార్గమింకొకటి గలదు: కాలు తీసివేయించుట. ఇదియు శస్త్రమేయైనను సామాన్యముగ పలకలు బిగించుటకంటె తక్కువ వ్యయముతో ముగియును. మూడుకాళ్ల కుక్క పరుగెత్తును, మెట్లెక్కును, తోకయాడించును. అది తన్ను జూచి తాను సిగ్గుపడదు, సిగ్గుపడునది యజమానుడే.

ఈ సిగ్గే సర్వానర్థములకును మూలము. "మాయొద్ద నింత సొమ్మే కలదు, ఇందులో నేమి చేయవచ్చును?" అని వైద్యునడుగుట మనవారికి తలవంపు. ఖరీదైన త్రోవ నొక్కదానినే చూపి యూరకుండు వైద్యులును నిందార్హులే. గన్నవరము, తిరుపతి, రాజేంద్రనగరములందలి పశువైద్య కళాశాలలకు చికిత్సాలయములు గలవు. కాని యావులను దూడలను తోలుకొనివచ్చిన రైతుల నడుమ వరుసలో నిలుచుట మన మధ్యతరగతివారికి నామోషీ! రాత్రివేళ చీకటిలో కుక్కను దించి పాఱిపోవుట మాత్రము నామోషీ కాదు కాబోలు.

సొంతవైద్యుల కథ మఱియొకటి. మనుష్యులకు పుత్తూరుకట్టు ప్రసిద్ధము. దాని మంచిచెడ్డలిచట మా విచారణ కాదు. ఆ పేరు చెప్పి, ఎముక యెచట విఱిగినదో యెఱుగకయే, వెదురుబద్దలు గుడ్డపేలికలు బిగించువారినిగూర్చియే మా మొఱ. కట్టు బిగిసి వ్రేళ్లు వాచును, చల్లబడును, దుర్గంధము పుట్టును. నిలువదగిన కాలు కుళ్లి తీసివేయవలసివచ్చును. పైగా నొప్పి తగ్గుటకని యింటిలోని ఐబుప్రొఫెను, డైక్లోఫెనాకు మాత్రలు మ్రింగింతురు. అవి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును.

జంతుహింసా నివారణ శాసనము 1960లో వచ్చినది. ఆకలిదప్పులచే బాధపడునట్లు జంతువును నిష్కారణముగ విడిచిపెట్టుట దానిప్రకారము నేరము. తొలితప్పునకది విధించిన జరిమానా 10 మొదలు 50 రూపాయలు. ఒకపూట ఫలహారపు వెల! శాసనమింత చులకనైనచోట గృహస్థుని మనస్సాక్షియే న్యాయస్థానము కావలయును. సరమ పిల్లను కొట్టిన పాపముతో నారంభమై, కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మజునివఱకు సాగిన భారతమును పురాణకాలక్షేపముగ వినుచు, ఆ రాత్రియే కుక్కను గుడివాకిట దించివచ్చుట యేటి శ్రవణఫలము?

ఏ త్రోవయు సాగక, నొప్పి తీఱనిదైనచో, వైద్యునిచేత బాధలేని మరణమిప్పించుట నొకయుపాయముగ మేమంగీకరింతుము. అప్పుడైనను యజమానుడు దాని తలను తన యొడిలో నుంచుకొని యుండవలయును.

ఇక నాటిరాత్రి చేయవలసినది కొంచెమే. ఎంత మచ్చికదైనను నొప్పిచే కఱచును గావున, ఊపిరికడ్డములేకుండ మూతికి మెత్తని గుడ్డ చుట్టుడు. వాంతి చేసికొనుచున్నను, ఆయాసపడుచున్నను చుట్టరాదు. కాలిని లాగి సరిచేయకుడు. ఎముక బయటపడినచో శుభ్రమైన వస్త్రము కప్పి, పలకమీద పరుండబెట్టి, తెల్లవాఱువఱకు వేచియుండక వైద్యునికడకు మోసికొనిపొండు. సొమ్ము మాట అచట, అందఱియెదుట, బిగ్గరగానే యడుగుడు.