గృహసంగీతము: మైకుగల వీణను పరీక్షించుట యెట్లు?



ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో రఘునాథపల్లినుండి యొక సోదరి వ్రాసినది విపులముగా బదులు చెప్పదగియున్నది. ఆమె పాలమ్మి కూడబెట్టిన సొమ్ముతో కుమార్తెకు వీణ కొనదలచి హనుమకొండలోని యొక యంగడికి వెళ్ళినదట. అచ్చట రెండు వీణలను చూపిరట. ఒకటి సాదా పనసకొయ్య వీణ. రెండవది మెఱుగుపూత గలిగి, మైకు బిగింపబడి, పెద్ద స్పీకరు పెట్టెతో మ్రోగుచుండెను. ఆ మ్రోతకు అమ్మాయి ముగ్ధురాలయ్యెను. ధరయు దానికే యెక్కువ. "మాకు సంగీతము రాదు. మంచిచెడ్డలు మాకెట్లు తెలియును? తప్పు వస్తువు కొన్నచో మరల నంత సొమ్ము చేర్చుటకు రెండేండ్లు పట్టును" అని యామె వ్రాసినది.

అమ్మా! సంగీతము రాకున్నను చెవితో పరీక్షించుట మీకు క్రొత్తగాదు. కుమ్మరియొద్ద కుండ కొనునప్పుడు వ్రేలితో తట్టి చూడకుండ నెవ్వరు కొందురు? బీట యున్నదో లేదో కంటికంటె ముందు చెవియే చెప్పును. మీ జనగామ ప్రక్కనున్న పెంబర్తి యిత్తడి పనికి ప్రసిద్ధి గన్న యూరు. అట్టి చోట లోహపు పాత్రను మ్రోగించి చూచుట పిల్లలకును తెలిసిన సంగతియే. వీణలో నాదము నింపుకొను భాగమునకు సయితము కుండ యనియే పేరు. మఱియు వీణ మీ సీమకు పరాయి వస్తువు గాదు. పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వీణాభేదములను పెక్కింటిని పేర్కొనియున్నాడు.

మొదట మైకు ఎందులకు వచ్చినదో తెలిసికొనవలెను. మీ సీమలోని ఒగ్గుకథ డోలు తాళములతో ఆరుబయట నడచునది. 2017లో పరమపదించిన చుక్క సత్తయ్యగారి వంటి కళాకారులు దానికి దేశమంతట కీర్తి తెచ్చిరి. ఆ డోలు వాద్యముల ధ్వని దూరమునకు వినబడును. వీణ యట్టిది గాదు. అది గదిలో వినదగినది. 1867 మొదలు 1938 వఱకు జీవించిన వీణ ధనమ్మాళ్ చెన్నపట్టణమున తమ యింట శుక్రవారపు సాయంకాలములందు వాయించుచుండగా శ్రోతలు నిశ్శబ్దముగా కూర్చుండి వినుచుండిరట. పెద్ద సభాభవనములు వచ్చిన పిమ్మట అంత మెల్లని నాదము వెనుకవరుసకు చేరదాయెను. కావున మైకు వచ్చినది. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో దివంగతులైన మాండలిన్ శ్రీనివాస్ గారు విద్యున్మాండలినుపైననే కర్ణాటక సంగీతపు గమకములను పలికించిరి. కాబట్టి మైకు చెడ్డదని మేము చెప్పము. అది నాదమును పెంచును. లేని నాదమును పుట్టించలేదు.

మైకులు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది అంటించు మైకు. కొన్ని స్ఫటికములను అదిమినచో విద్యుత్తు పుట్టునని 1880లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ యను సోదరులు కనుగొనిరి. ఈ పియేర్ గారే తరువాత మేరీ క్యూరీ విదుషీమణికి భర్త యైనవారు. అంటించు మైకులోని బిళ్ళ యిట్టి గుణము గలదే. అది కొయ్య యదురుటను గ్రహించును. రెండవది అయస్కాంతపు మైకు. ఇది తీగ కదలికను గ్రహించును గాని తీగలో ఇనుముగాని ఉక్కుగాని యుండవలెను. వీణలో సారణి, పంచమము ఉక్కుతీగలు. మంద్రము, అనుమంద్రము ఉత్త యిత్తడివో కంచువో యైనచో అయస్కాంతపు మైకు వానిని సరిగా గ్రహింపదు. నాలుగు తీగలను ఒకే బలముతో మీటించి వినుడు. రెండు గట్టిగాను రెండు సన్నగాను వచ్చినచో లోపమెచ్చటనో మీకు తెలిసినట్లే.

ఇక పరీక్షాక్రమము. మొదట విద్యుత్తును పూర్తిగా ఆపివేయించుడు. అంగడివా డొప్పుకొనకున్నచో మఱియొక యంగడికి పొండు.

1. కుండను, దండిని వ్రేలికణుపుతో మెల్లగా తట్టుడు. గలగల యనినను, పెళుసు మ్రోత వచ్చినను లోపల బీటయో యతుకు వదలుటయో యుండవచ్చును. బొబ్బిలి యొద్ద గొల్లపల్లిలో చేయు వీణలు ఒకే పనసమ్రానునుండి తొలచినవై యేకాండమనబడును. అతుకుల వీణలును మంచివి గలవు. అతుకు గట్టిగా నున్నదా యన్నదే చూడవలసినది.

2. సారణిని మీటి, తీగను ముట్టక, నాద మెంతసేపు నిలుచునో మనసులో లెక్కపెట్టుడు. రెండు వీణలకును ఒకే రీతిగా చేసి పోల్చుడు. అనంతరము తీగను మెట్టుపై ప్రక్కకు లాగించి వినుడు. లాగినకొలది నాదము చచ్చిపోవు వీణపై గమకము పలుకదు.

3. ఇరువదినాలుగు మెట్లను వరుసగా మీటించుడు. మైనపు మేళములో మెట్టు కదలినచో జీర వినబడును. పండ్రెండవ మెట్టుపై స్వరము ఉత్తతీగ స్వరమునకు సరిగా పైస్థాయిది కావలెను. సెల్‌ఫోనులోని శ్రుతియంత్రముతో దీనిని సంగీతము రానివారును చూడవచ్చును. మెట్లు తప్పుట దిద్దదగిన లోపమే. మేళము మరల కట్టించవచ్చును.

4. గుఱ్ఱమును చూడుడు. మన వీణ గుఱ్ఱముపైనున్న లోహపు పలక కొంచెము వంపుగా నుండును. పాశ్చాత్య వాద్యములకువలె వాదరగా నుండదు. 1921లో సి. వి. రామన్ గారు తంబురా వీణల గుఱ్ఱములను గూర్చి వ్రాసి, తీగ నాదమున ఉపస్వరములు సమృద్ధిగా పలుకుటకు ఈ వంపే కారణమని వివరించిరి. పలకపై తీగలు గాళ్ళు చేసియున్నచో నాదము చెడును.

5. శ్రుతి చేయించి, అరగంట యాగి మరల వినుడు. బిరడలు జాఱుచున్నచో పిల్ల సాధన సగము శ్రుతి సవరించుటలోనే పోవును.

ఈ యైదింటను నిలిచిన పిమ్మటనే విద్యుత్తును పెట్టించుడు. ఇచ్చట నొక మోసము గలదు. అది అంగడివానిది గాదు, మన చెవిది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు చూపినట్లు, ధ్వని మెల్లగా నున్నప్పుడు మంద్రస్వరములు మన చెవికి తక్కువగా వినబడును. ధ్వని పెరిగినకొలది అవి నిండుగా తోచును. కావున ఒకే వీణ గట్టిగా మ్రోగించినంతనే మేలైనదిగా భ్రమ కలుగును. అమ్మాయి మురిసిన దా వీణకో, ఆ పెట్టెకో యీ పరీక్ష లేక తెలియదు. దీనికి ఉపాయ మిది. రెండు వీణలను ఒకే పెట్టెకు తగిలించి, మ్రోతను సమానము చేయించుడు. ప్రతిధ్వని కలుపు మీటను ఆపించుడు. తక్కిన మీటలను నడుమ నిలిపించుడు. మీరును అమ్మాయియు వెనుదిరిగి కూర్చుండి, ఏ వీణ వాయించుచున్నారో చెప్పవలదని కోరుడు. మెఱుగుపూతయు ధరయు కంట బడవు.

పిమ్మట నెవ్వరును వాయింపకుండ పెట్టెను మాత్రము వినుడు. గుయ్యుమను మ్రోత యున్నచో, తీగను ముట్టుడు. ముట్టగానే తగ్గినచో భూమితీగ సంబంధము సరిగా లేదని యనుమానింపవలెను. దానిని బాగుచేయించిన గాని కొనరాదు. వీణను వ్రేలితో తాకినంతనే ఢమ్మని పేలినచో మైకు అతికించిన చోటు తగదు. కీచుమని కూత పుట్టినచో, పెట్టెలోని ధ్వని వీణకే తిరిగివచ్చి చుట్టుతిరుగుచున్నదన్నమాట. పెట్టెను ప్రక్కకు త్రిప్పి చూడుడు. తుదకు, మైకులేని నాదమును, మైకుగల నాదమును ఒకదాని వెంట నొకటి వినుడు. రెండవది మొదటిదానివలె నున్నదా? లేక రేకుడబ్బా కొట్టినట్లున్నదా? మొదటిదానివలె నుండుటయే మంచి మైకు లక్షణము.

గిటారు కొనగోరు బాలికల తల్లులకును ఈ పరీక్షలే చాలును. అందు మైకుబిళ్ళ సాధారణముగా తీగలానుకొను దిమ్మె క్రింద నుండును. పైపలక యొకే కొయ్యయో, పొరలతికిన పలకయో తెలియవలెనన్నచో నడుమనున్న రంధ్రపు టంచును చూడుడు. పైనున్న కొయ్యచార యంచున దిగువవఱకు సాగియున్నచో ఒకే కొయ్య. పొరలు కనబడినచో అతుకుపలక. లోపలి విద్యుత్ఘటమును మార్చుట సులభమా యని కూడ అడుగుడు.

ఇక రఘునాథపల్లి సోదరికి మా సలహా. మీ కుమార్తె యింటిలో గురువుగారి యెదుట కూర్చుండి సరళీస్వరములు నేర్వవలసినది. దానికి మైకు అక్కఱలేదు. కొయ్యయు మెట్లును బిరడలును మంచివైన వీణకు అంటించు మైకును ఎన్నడైనను తెచ్చి పెట్టవచ్చును. కుండ చెడ్డదైన వీణకు ఎంత గొప్ప మైకు తగిలించినను ఆ చెడుగునే ఊరంతయు వినును. కావున పై పరీక్షలలో సాదా వీణ నెగ్గినచో దానినే కొని, మిగిలిన సొమ్మును గురుదక్షిణకును, ఏటేట మార్చవలసిన తీగలకును దాచుడు. మెఱుగువీణయే నెగ్గినచో సంకోచింపక దానినే కొనుడు. అంగడికి పోవునప్పుడు గురువుగారిని వెంట తీసికొనిపొండు. వారు వాయింతురు, మీరు వినుడు. నిర్ణయము మాత్రము అమ్మాయితో గలసి మీరే చేయుడు. ప్రతిదినము ఆ నాదమును వినవలసినవారు మీరిద్దరే గదా.

ఏది కొన్నదియు మాకు తప్పక వ్రాయుడు.