చిన్న పట్టాలకు ఏ ఇంజను?



అమెరికాలో ఉంటున్న ఒక సహోదరుడు ఇలా రాశారు: వారబ్బాయి ఏడాదిగా కూడబెట్టిన డబ్బుతో నమూనా రైలుకు కొత్తతరం డీజిల్ ఇంజను కొనాలంటున్నాడు, ఏది మంచిది?

అబ్బాయి పట్టాలు ఎన్ స్కేలువి. అంటే అసలు రైలులో 160వ వంతు. పట్టాల మధ్య ఎడం 9 మిల్లీమీటర్లే. అతని మనసు ఈఎస్44ఏసీ మీద ఉంది. అక్కడ పెద్ద గూడ్సు బళ్లను లాగేది అదే. పొడవు 73 అడుగులు, ఆరు ఇరుసులు. నమూనాలో అయిదున్నర అంగుళాలు. చూడ ముచ్చటైనదే.

అయితే సహోదరా, ముందు బల్లను కొలవండి. వెడల్పు రెండడుగులే అయితే వంపు వ్యాసార్ధం 11 అంగుళాలకు మించదు. అంత బిగువు వంపులో పొడవాటి ఇంజను నడిచినా, దాని ముక్కు పట్టా దాటి పక్కకు పొడుచుకొస్తుంది. ఆ బల్లకు నాలుగు ఇరుసుల జీపీ38-2 నప్పుతుంది. నమూనాలో నాలుగున్నర అంగుళాలు కూడా ఉండదు. 1986తో దాని తయారీ ఆగినా, యార్డుల్లో, చిన్న లైన్లలో నేటికీ పనిచేస్తోంది గనుక కొత్త పెట్టెల ముందు కట్టినా అబద్ధం కాదు. (దాన్ని చేసిన ఈఎమ్‌డీ కంపెనీవారి నమూనాతోనే మన డబ్ల్యూడీజీ-4 వచ్చింది. గుత్తివారు చూసే ఉంటారు.)

కొనేముందు రెండు సంగతులు అడగండి. అన్ని చక్రాలూ కరెంటు తీసుకుంటాయా? తేలికైన ఇంజను గదా, పట్టా మీద కాస్త మురికి ఉన్నా ఆగిపోతుంది. డీసీసీ డీకోడరుకు లోపల చోటుందా? ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేర్వేరుగా నడపాలంటే అది కావాలి.

అయినా అబ్బాయి ఈఎస్44 కావాలనే అంటే, ఈ ఏడు జీపీ38-2 కొననిచ్చి, బల్ల వెడల్పు చేయడానికి చెక్క మీరు తెచ్చిపెట్టండి.