దారి తప్పని అతిథులు.. దారి తెలియని పర్యాటకులు

శ్రీకాకుళం: రథసప్తమి నాడు అరసవల్లి జనసంద్రమవుతుంది. ఆదిత్యుని దర్శించుకొన్న భక్తులు శ్రీకూర్మం వెళతారు. ఓపిక ఉన్నవారు శ్రీముఖలింగం వరకు పోయి మధుకేశ్వరునికి మొక్కుకొంటారు. పొద్దుగుంకేలోగా తిరుగుముఖం పడతారు. రాష్ట్రంలోనే పొడవైన 193 కిలోమీటర్ల సముద్రతీరం, బౌద్ధ స్తూపాలు, విదేశీ పక్షులని పేరుపడిన వేలాది కొంగలు జిల్లాలో ఉన్నా, పర్యాటకమంటే నేటికీ ఆ మూడు ఆలయాలే. మిగిలినవాటికి ప్రచారం లేదన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. అది నిజమే. అయితే అసలు కొరత ప్రచారంలో లేదు.

శాలిహుండాం సంగతే తీసుకొంటే, గార మండలంలో వంశధార ఒడ్డునున్న ఆ కొండను వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు రామమూర్తి 1919లో వెలుగులోకి తెచ్చారు. తరువాతి తవ్వకాలలో స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. హీనయానం నుంచి వజ్రయానం వరకు బౌద్ధం నడిచిన దారి ఒకే కొండపై కనిపించడం అరుదు. మెట్లెక్కి పైకి చేరితే కింద నది, దూరాన సముద్రం. దిగువనున్న కళింగపట్నం ఒకనాటి ఓడరేవు. ఉదయం కొండ, సాయంత్రం దీపస్తంభం వద్ద తీరం చూసుకొని తిరిగిరావడానికి ఒక్క ఆదివారం చాలు. కానీ సొంత వాహనం లేని కుటుంబం ఆ రెండింటినీ ఒకే రోజు చూడాలంటే బస్సుల కోసం నిరీక్షణలోనే సగం పొద్దు గడిచిపోతుంది.

పక్షుల లెక్క వేరు

టెక్కలి మండలం తేలినీలాపురం, ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి గ్రామాల కథ ఇంతకంటె భిన్నమైనది. తొలకరి జల్లులతో తేలుకుంచికి ఓపెన్‌బిల్‌ కొంగలు చేరుతాయి. వరిమళ్లలోని నత్తలే వాటి ఆహారం. శీతకాలంలో తేలినీలాపురం చింతచెట్లపై పెలికాన్లు, పెయింటెడ్‌ స్టార్క్‌లు గూళ్లు కట్టి పిల్లలను సాకి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. అంటే ఏడాదిలో అధిక భాగం జిల్లాలో ఎక్కడో ఒకచోట గూళ్లు కళకళలాడుతూనే ఉంటాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పడం ఆనవాయితీగా మారింది. నిజానికి ఈ మూడు జాతులూ మన ఉపఖండంలో స్థిరంగా నివసించేవే. అతిథులు కావు, ఇరుగుపొరుగులే.

ఈ గూళ్లను ఇన్నేళ్లు కాపాడినది కంచెలు కాదు, గ్రామస్థుల నమ్మకం. పక్షులు వచ్చిన ఏడు పంటలు పండుతాయని, రాని ఏడు అరిష్టమని అక్కడి పెద్దలు భావిస్తారు. రెట్టల దుర్వాసనను భరిస్తూ, వేటగాళ్లను ఊళ్లోకి రానీయక, పెరటి చెట్లనే వాటికి విడిచిపెట్టారు. ఆ ఓర్పునకు ప్రతిఫలంగా పర్యాటకం నుంచి వారికి దక్కినదేమిటన్న ప్రశ్నను ఏ ప్రణాళికా స్పృశించలేదు. చూడవచ్చేవారు కార్లు దిగి, ఫొటోలు తీసుకొని, వెంట తెచ్చుకొన్న పొట్లాలు విప్పి తిని వెళ్లిపోతారు. ఊరిలో ఒక టీ దుకాణానికైనా ఆ రద్దీ అక్కరకు రావడం లేదు.

ఊరి ఆదరణ ఒక్కటే సరిపోదని 2021 చివర, 2022 ఆరంభంలో తేలినీలాపురం చవిచూసింది. వందకు పైగా పెలికాన్లు మరణించాయి. పరాన్నజీవులైన పురుగులు కడుపులో చేరడమే కారణమని, అవి చేపల ద్వారా సోకాయని నిపుణులు గుర్తించారు. చెట్టు మీద క్షేమంగా ఉన్న పక్షి మేతకు వెళ్లినచోట ప్రాణం పోగొట్టుకొన్నది. ఆ మేత దొరికే నౌపడ చిత్తడి నేలలు, ఉప్పు మళ్లు, చెరువులు ఏ సందర్శక కేంద్రం పరిధిలోనూ లేవు. సమీపంలోని కాకరాపల్లి తంపర భూములపై వివాదం 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల వరకు వెళ్లింది. సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వద్దని ఎవరూ అనబోరు. ఉపాధి కోసం వలసపోయే జిల్లాకు అది అవసరమే. కానీ గూళ్లున్న చెట్లకు రక్షణ కల్పించి, మేత దొరికే నేలను విస్మరిస్తే రేపు బైనాక్యులర్లు పట్టుకొని వచ్చినవారికి కనిపించేది ఖాళీ కొమ్మలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన తీరు చూసినవారికి చెట్ల భరోసా ఎంతపాటిదో కూడా తెలుసు.

ఇతర గమ్యాలకూ కొదవ లేదు. మహేంద్రతనయ సాగరంలో కలిసే బారువ తీరంలో ఇసుకపై చాలాదూరం నడిచిపోవచ్చు. ఆముదాలవలస సమీపంలోని దన్నానపేట వద్ద బృహత్‌శిలా యుగపు సమాధిపై పరచిన బండ చూసితీరవలసినదే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్ననూలు వడికే మహిళల పనితనాన్ని గంటసేపు చూసినా తనివి తీరదు. ఒక జత పంచె కొంటే ఆ చేతులకు కూలీ దక్కుతుంది.

వీటికి కోట్ల రూపాయల రిసార్టులు అవసరం లేదు. శ్రీకాకుళం నుంచి సెలవు దినాలలో శాలిహుండాం, కళింగపట్నం చుట్టివచ్చే ఒక బస్సు, టెక్కలి నుంచి పక్షుల రుతువులో మరొకటి నడపవచ్చు. ఏ నెలలో ఏ పక్షి ఉంటుందో తెలిపే బోర్డు జాతీయ రహదారి మలుపులోనే ఉండాలి. వచ్చినవారి వెంట నడిచి చెట్లను చూపించే పనిని తేలినీలాపురం, తేలుకుంచి యువకులకే అప్పగించి, రుసుములో కొంత ఊరి పంచాయతీకి జమచేయాలి. నౌపడ నేలలలో ఏయే చెరువులకు పక్షులు మేతకు పోతున్నాయో అటవీ, మత్స్య శాఖలు కలిసి గుర్తించి, ఆ నీటిని ఏటా పరీక్షించవలసి ఉంది. ఈ పని శీతకాలపు గూళ్లు మొదలు కాకముందే జరగాలి.