లెక్క చెప్పేటోడు ఎవరి మనిషి?

ఓటు వేసేది లక్షలమంది. లెక్క చెప్పేది పిడికెడుమంది. ఆ పిడికెడుమందీ ఎవరి మనుషులు? ఆఫ్రికా జనం ముప్పై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇదే.

1990 తర్వాత అక్కడ చాలా దేశాల్లో ఒకే పార్టీ ఏలుబడి కూలింది. పోటీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికల కమిషన్లు పెట్టి, వాటికి 'స్వతంత్ర' అని పేరు తగిలించారు. పేరు పెట్టగానే స్వతంత్రం వచ్చేస్తుందా?

కెన్యాను చూడండి. కమిషన్ సభ్యుల ఎంపికలో ప్రతిపక్షాలకూ వాటా ఉండాలని 1997లో ఒప్పందం కుదిరింది. 2007 ఎన్నికల ముందు అధ్యక్షుడు కిబాకీ దాన్ని పక్కకు నెట్టి తనకు నచ్చినోళ్లను నింపుకున్నాడు. కిబాకీ గెలిచాడని ప్రకటించిన కమిషన్ చైర్మన్ కివుయిటు, మూడోనాడే ఎవరు గెలిచారో తనకు తెలియదన్నాడు! అప్పటికే ఊళ్లు తగలబడుతున్నాయి. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. లక్షలమంది కొంపాగోడూ వదిలి పారిపోయారు. పెద్దోళ్లు మాత్రం 2008లో రాజీపడి కుర్చీలు పంచుకున్నారు.

మరి జడ్జిని కూర్చోబెడితే? మలావిలో అదీ చూశారు. 2019లో కమిషన్ అధ్యక్షురాలు జేన్ అన్సా సుప్రీంకోర్టు జడ్జే. అయినా ఫలితాల కాగితాల మీద అంకెలు వైట్‌నర్ పూసి దిద్ది ఉన్నాయి. జనం నెలల తరబడి రోడ్లమీద నిలబడ్డారు. 2020 ఫిబ్రవరి 3న అయిదుగురు జడ్జీలు తూటాలు దిగని కోట్లు తొడుక్కొని కోర్టుకొచ్చి ఆ ఎన్నికను కొట్టేశారు. జూన్‌లో మళ్లీ ఓట్లేస్తే ప్రతిపక్షం గెలిచింది. కథ అక్కడ ఆగలేదు. 2025 ఎన్నికల్లో పాత అధ్యక్షుడు ముథారికా తిరిగి గెలిచాడు. ఆయన పక్కన ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసింది ఎవరు? ఆ జేన్ అన్సాయే! జనం ఓట్లేసే గెలిపించారు, కాదనం. కానీ అంపైరు రేపు ఆటగాడి జట్టులో చేరొచ్చంటే, నేటి ఈలను ఎవరు నమ్ముతారు?

1949 జూన్‌లో మన రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ భయాన్నే బయటపెట్టారు. కమిషనర్‌ని తీసెయ్యకుండా కాపాడితే చాలదు. పాలకుల చెప్పుచేతల్లో ఉండేటోడు ఆ కుర్చీలోకి రాకుండా అడ్డేదీ అని ఆయన గుబులు.

అడ్డు జనమే. 2022లో కెన్యా కమిషన్ ప్రతి పోలింగు కేంద్రం ఫలితాల కాగితాన్నీ అందరికీ కనపడేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఏడుగురు సభ్యుల్లో నలుగురు చైర్మన్ లెక్కను ఒప్పుకోలేదు. అయినా 2007 నాటి మంటలు మళ్లీ లేవలేదు. కూడి చూసుకునే కాగితం ఎవరికైనా అందుబాటులో ఉంది. తగాదా కోర్టులో తేలింది.

అందుకే మేం చెప్పేదొకటే. నియామకం ఏలినోడి ఒక్కడి చేతిలో ఉండొద్దు. లెక్క కాగితం జనం కళ్లముందు ఉండాలి. ఈ రెండూ లేని స్వతంత్రం బోర్డుమీద రాతే. ఓటేసి ఇంటికెళ్లి పడుకుంటే సగం పనే అయినట్టు. లెక్క తేలేదాకా కాపలా కాయాలె.