మామ మొక్కు, బీదరు జర

మన పేటల్లో ఆదివారం అంటే బట్టలు ఉతుక్కోవడం, పగటిపూట కాసేపు పండుకోవడం. ఊరు దాటాలంటే పెండ్లయినా ఉండాలి, చావయినా ఉండాలి. ఈసారి ఆ రెండూ లేకుండానే బీదరు పోయి వచ్చాం. మా ఆడబిడ్డ పెండ్లి కుదిరితే నరసింహ జరలోకి పోయి స్వామిని చూస్తానని మా మామ మొక్కుకున్నాడు. పెండ్లయి మూడేండ్లు దాటింది, మొక్కు అట్లే ఉండిపోయింది.

సోలాపూర్‌లో రాత్రి బస్సెక్కి, హుమ్నాబాద్‌లో మారి, తెల్లవారేసరికి బీదరులో దిగాం. ఎండ ముదరకముందే అష్టూరు చూద్దామని నడక మొదలుపెట్టాం. కోట నుంచి తూర్పుకు మూడు నాలుగు కిలోమీటర్లే. దోవలో ఎనిమిది మూలల చౌఖండి కనబడుతుంది. మామ రెండు చోట్ల చెట్టు కింద కూలబడ్డాడు. "చెప్పులు కరుస్తున్నయ్ బిడ్డా" అన్నాడు. నేను నమ్మాను.

అష్టూరులో పొలాల పక్కన బహమనీ సుల్తానుల గోరీలు వరసగా ఉంటాయి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు తెచ్చిన అహ్మద్‌షా 1436లో పోయాడు. ఆయన గోరీ లోపల గోడల నిండా రంగులు, బంగారు రాతలు. చీకట్లో కాసేపు నిలబడితే గానీ కంటికి ఆనవు. ముస్లింలు ఆయన్ని వలీ అని కొలుస్తారు. లింగాయతులు అల్లమప్రభు అంశ అని మొక్కుతారు. ఉర్సుకు మాడ్యాళ నుంచి జంగమయ్య వస్తాడు. ఆ పక్కనే జాలిం అని పేరుపడ్డ హుమాయూన్ గోరీ. పిడుగు పడి గుమ్మటం సగం కూలింది. మామ దాన్నే చాలాసేపు చూసి, "సగం కూలినా నిలబడ్డది. మన మిల్లు మొత్తానికే పాయె" అన్నాడు.

అక్కడి నుంచి ఆటోలో నరసింహ జరకు పోయాం. బీదరు ఎర్రరాతి గట్టు మీద ఉన్న ఊరు. వాన నీళ్లు ఆ బొక్కల రాతిలోంచి కిందికి ఇంకి, గట్టి పొర తగలగానే గట్టు అంచున ఊటగా బయటికొస్తాయి. దాన్నే జర అంటారు. గురునానక్ జర కూడా అట్లాంటిదే. ఇక్కడ మాత్రం కొండలో సొరంగం ఉంది. నడుము లోతు, ఒక్కోచోట ఛాతీ లోతు నీళ్లలో మూడు వందల మీటర్ల దాకా నడిస్తే కొసన స్వామి. పైన గబ్బిలాలు, ముందూ వెనకా జనం.

మామ నడుము లోతు దాకా వచ్చి ఆగిపోయాడు. వెనక నుంచి "నడువు పెద్దాయనా" అని అరుస్తున్నారు. ఆయన పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు తెలిసింది, కరిచింది చెప్పులు కాదు. మిల్లు మూసేదాకా ఆయన బ్లోరూములో పనిచేశాడు. పత్తి దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే వచ్చే జబ్బును డాక్టర్లు బిసినోసిస్ అంటారు. మొదట్లో సెలవు తర్వాత పనికెక్కిన రోజే ఛాతీ పట్టేస్తుంది. అందుకే సోమవారం జబ్బని కూడా పేరు. పోనుపోను రోజూ ఆయాసమే. అట్లాంటి ఛాతీ మీద నీళ్లు ఒత్తితే, ఇరుకులో గాలి చాలకపోతే ఏమవుతుంది?

మా ఆయన మామను పట్టుకుని ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టాడు. జేబులోని పంపు రెండుసార్లు పీల్చాక మాట వచ్చింది. "నువ్వు పోయి రా బిడ్డా. నా పేరు చెప్పు."

నేను పోయాను. గోడ పట్టుకుని, కాలితో తడుముకుంటూ నడిచాను. స్వామి ముందు మామ పేరు, ఆడబిడ్డ పేరు చెప్పాను. తిరిగొచ్చి తడి కొంగు మామ తల మీద పిండాను. "తీరింది" అన్నాడు.

మీరూ పోయి రండి. మంచి చోటు, పెద్ద ఖర్చూ లేదు. పొద్దున్నే అష్టూరు, తర్వాత జర. మార్చుకునే బట్టలు తీసుకుపోండి. పిల్లల్ని భుజాలకెత్తుకోండి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లను మాత్రం ఒడ్డునే కూర్చోబెట్టండి, మొక్కు ఇంకొకరు తీర్చవచ్చు. దుమ్ములో పనిచేసిన మనిషి చెప్పులు కరుస్తున్నాయంటే చెప్పులు చూసి ఊరుకోకండి. నేను ఊరుకున్నాను. మర్నాడే మామను ఛాతీ డాక్టరుకు చూపించాం.