ఏడవని దుఃఖం

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. 2021 మే నెలలో మావారు కరోనాతో విజయవాడ ఆసుపత్రిలో పోయారు. చివరి చూపు కూడా దక్కలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు దగ్గినా నాకు గుండె దడదడలాడుతుంది. ఊపిరాడదు, చెమటలు పోస్తాయి, ఇప్పుడే ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. రాత్రి నిద్ర ఉండదు. ఇ.సి.జి., రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయన్నారు. నాకు పిచ్చి పడుతుందా?
— ఒక సోదరి, దివిసీమ

జవాబు: లేదమ్మా, ఇది పిచ్చి కాదు. మీరు వ్రాసిన లక్షణాలు తీవ్రమైన భయానివి.

ప్రమాదం ఎదురుకాగానే మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, చెమట పడుతుంది, ఊపిరి గబగబా తీస్తాం. పాము కనబడితే పరుగెత్తడానికి ఇదంతా అవసరమే. మీకు దగ్గు చప్పుడే పాము అయింది. గబగబా ఊపిరి తీయడంవల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సాధారణంగా పది నిమిషాల్లో ఇది హెచ్చి, తరువాత దానంతటదే తగ్గుతుంది. ప్రాణాపాయం లేదు. అయితే పాఠకులకు ఒక హెచ్చరిక. ఛాతీనొప్పి, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు "భయమేలే" అని ఊరుకోరాదు. ఈ సోదరిలాగే ముందు పరీక్షలు చేయించుకోవాలి.

ఈ భయం ఇన్నేళ్లయినా ఎందుకు పోలేదు? మనవైపు ఒక ఇంట చావు జరిగితే ఊరంతా వచ్చి కూర్చుంటుంది. పోయినవారి మంచిచెడ్డలు తలచుకుని ఏడుస్తారు. చిన్నదినం, పెద్దకర్మ అంటూ ఆ పదిరోజులూ ఇల్లు ఖాళీగా ఉండదు. అది ఆచారమే కాదు, మందు కూడా. 2021లో చాలా ఇళ్లకు ఆ మందు అందలేదు. పలకరించేవారు గడపదాకా రాలేదు. మీ ఏడుపు మీలోనే ఉండిపోయింది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. తమవారి శవం కూడా దొరకని పెద్దలు మా చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతాల్లో ఉన్నారు. గాలి హోరెత్తితే వారిలో కొందరికి నేటికీ నిద్రపట్టదు. కరోనా మొదటి సంవత్సరంలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు.

ఇక మీరు చేయవలసినవి:

1. దడ మొదలవగానే కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి తీసి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. అయిదు నిమిషాలు ఇలా చేయండి.

2. ఆలస్యమైందనుకోకండి. వచ్చే తద్దినానికి అయినవాళ్లను పిలవండి. ఆయన గురించి మాట్లాడుకోండి. ఏడుపు వస్తే ఏడవండి.

3. సాయంత్రం నుంచి కాఫీ, టీలు మానండి. రోజూ ఒకే వేళకు లేవండి. పొద్దున్నే అరగంట నడవండి.

4. నిద్రమాత్రలు సొంతంగా కొని వాడకండి. కొన్ని త్వరలోనే అలవాటైపోతాయి.

5. చాలాకాలంగా ఉన్నది కనుక మానసిక వైద్యునికి చూపించుకోండి. విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇంట్లోవారికి ఒక మాట. "మరచిపో, ధైర్యంగా ఉండు" అనకండి. పక్కన కూర్చుని వినండి. భయాన్ని చులకన చేయరాదు. మన రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులో బయటపడింది. అంతకు నెల ముందే చిత్తూరు జిల్లాలో ఒకాయన తన జ్వరం కరోనాయేనని, అది ఇంట్లోవారికి అంటుకుంటుందని భయపడి ప్రాణం తీసుకున్నాడు.

ఎవరైనా రెండు వారాలకు మించి దిగులుగా ఉండి, తిండి, పనులమీద ఆసక్తి పోతే వైద్యునికి చూపించండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లో అందుబాటులో ఉంచకండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు రాత్రింబగళ్లు, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు ఖర్చు లేదు.

సోదరీ, మూడు నెలల తరువాత ఎలా ఉన్నదీ తప్పక వ్రాయండి.