మన గురించి మనమే ‘వాళ్ళు’ అని రాయాలా?

బడిలో పిల్లలు రాసే వ్యాసం చిన్న సంగతి అనుకుంటున్నారా? అన్నలారా, అక్కలారా, కానే కాదు. బావి కాడ మనల్ని ఆపినోడు ఎదురుగా కనపడతాడు. టీ కొట్టులో గ్లాసు వేరు పెట్టినోడు కనపడతాడు. మన పిల్లల చేతికి కలమిచ్చి, ఆ కలంతోనే వాళ్ళ పల్లెను కొట్టేయించేవాడు మాత్రం కనపడడు. ఆ పని మన బళ్ళలో వ్యాసరచన పేరుతో ఏళ్ళ తరబడి దర్జాగా నడుస్తోంది.

ముందు మా సంగతే చెప్తాం. మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి తరం మేము. తొమ్మిదో తరగతిలో ‘అస్పృశ్యతా నివారణ’ మీద వ్యాసం రాయమన్నారు. గైడు బట్టీ పట్టి రాశాం. అంటరానితనం మన దేశానికి మాయని మచ్చ. హరిజనులు మన సోదరులు. వారిని మనం దగ్గరకు తీయాలి, వారికి శుభ్రత నేర్పాలి, వారిని ఉద్ధరించాలి. ఇదీ వరస. పదికి తొమ్మిది మార్కులు వచ్చినయి. సంబరంగా ఇంటికి తెచ్చి చదివి వినిపించాం. మా నాయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటా విన్నాడు.

“ఎవురి గురించిరా ఇది?”

“మన గురించే నాయనా.”

“మన గురించయితే వాళ్ళు వాళ్ళు అంటావేందిరా? మీ అమ్మకి శుభ్రత ఎవురొచ్చి నేర్పాలంట?”

మా దగ్గర జవాబు లేదు. మాష్టారు తొమ్మిది వేసిన వ్యాసానికి అక్షరం రాని మా నాయన సున్నా వేశాడు. ఆయన వేసిందే సరైన మార్కు అని తెలుసుకోటానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ వ్యాసాన్ని ఇప్పుడు విప్పి చూద్దాం. అందులో ‘మనం’ ఎవరు? ఊళ్ళో నిలబడి పల్లె వంక చూసేవాడు. ‘వారు’ ఎవరు? పల్లె. అంటే మన పిల్లోడికి తొమ్మిది మార్కులు కావాలంటే, పరీక్ష రాసినంత సేపూ వాడు పల్లె వదిలి ఊళ్ళో నిలబడాలి. తన తల్లిని దూరం నుంచి చూసి జాలి పడాలి. ఆ తర్వాత మళ్ళీ ఇంటికొచ్చి ఆ తల్లి చేతి అన్నమే తినాలి. పసివాడితో ఇంతకన్నా హీనమైన పని ఎవరు చేయించగలరు?

ఇక ఆ ‘హరిజన’ మాట. కుల ధృవపత్రాల మీద ఆ మాట రాయవద్దని కేంద్ర ప్రభుత్వం 1982లోనే రాష్ట్రాలకు చెప్పింది. మేము ఆ వ్యాసం రాసింది అది చెప్పిన ఎన్నో ఏళ్ళకు. సర్కారు వద్దన్నా గైడు మాత్రం వదల్లేదు.

రాజ్యాంగం 17వ అధికరణం ఏం చెప్తోంది? అంటరానితనం రద్దయింది, దాన్ని పాటిస్తే నేరం అంటోంది. దగ్గరకు తీయమనలేదు, ఉద్ధరించమనలేదు. నేరం అంది. 1955లో ఒక చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చినయి. అయినా వ్యాసంలో చట్టం ఉండదు, పోలీసు స్టేషను ఉండదు, కేసు ఉండదు. ‘మనుషుల మనసులు మారాలి’ అన్న ముగింపు ఉంటుంది. బాధితుడుంటాడు గానీ నేరస్తుడుండడు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మన వాళ్ళను చంపింది ‘మాయని మచ్చ’ కాదు. మనుషులు చంపారు. భూములున్న మనుషులు, కులబలం ఉన్న మనుషులు. ఆ మాట రాయని వ్యాసం ఎవరిని కాపాడుతోందో మీరే చెప్పండి.

పెద్ద కులం మాష్టర్లను తిట్టి ఊరుకుందామా? అట్లా అయితే మా చేతికంటిన ఎర్ర సిరా సంగతి ఎవరు చెప్తారు?

మేమూ మాష్టర్లమే. ఒక ఏడు అర్ధ సంవత్సర పరీక్షలో ‘మా ఊరు’ మీద వ్యాసం ఇచ్చాం. పేపర్లన్నీ దాదాపు ఒకటే. మా ఊరు అందమైన ఊరు, ఊరి మధ్య రామాలయం ఉంది, ప్రజలు కలిసిమెలిసి ఉంటారు. రామాలయం మెట్టు ఎక్కనియ్యని పల్లె పిల్లలూ అదే రాశారు. మన పల్లె పిల్ల ఒక్కతే వేరేగా రాసింది. మా ఊరు రెండూళ్ళు అని మొదలుపెట్టింది. తారు రోడ్డు ఊరి దాకా ఉంది, మా పల్లెలోకి మట్టి దారే అంది. నీళ్ళ ట్యాంకు ఊళ్ళో ఉంది, ముందు వాళ్ళకు వదిలి తర్వాత మాకు వదుల్తారంది. మా అమ్మ నాట్లకు పోతే మంచినీళ్ళు పైనించి దోసిట్లో పోస్తారంది. మా తాత చచ్చిపోతే శ్మశానానికి దారి లేక చేల గట్ల మీద మోసుకుపోయినారంది. అంతా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాసింది.

దానికి మేమేం చేశాం? పదికి మూడు వేశాం. ‘విషయం వదిలి పక్కకు పోయావు, భాష సరిగా లేదు’ అని ఎర్ర సిరాతో పక్కన రాశాం. విషయం ‘మా ఊరు’. ఆ పిల్ల విషయంలోనే ఉంది. పక్కకు పోయింది మేము. రెండు రోజులు ఆ పేపరు కళ్ళ ముందు నుంచి పోలేదు. మళ్ళీ తీసి చదివి, మార్కులు దిద్ది, ఆ పిల్ల దగ్గరకు పోయి తప్పు ఒప్పుకున్నాం.

“పర్లేదు సార్, ఈసారి గైడులోదే రాస్తా” అంది.

ఆ మాట మాకు చెప్పుదెబ్బ. మార్కులు తిరిగి వేయగలిగాం. ఆ పిల్ల నోట్లోంచి లాక్కున్న మాటను తిరిగి ఇవ్వగలిగామా?

మన పిల్లలు ఇట్లా రాయటం కొత్తేమీ కాదు. పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి నడిపిన బడిలో ముక్తా సాల్వే అనే అమ్మాయి చదివింది. మాంగ్ కులం. మన మాదిగవాడ లాగే ఊరి చివరకు నెట్టిన వాడ. పద్నాలుగేళ్ళ వయసులో మాంగ్, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. ‘జ్ఞానోదయ’ అనే మరాఠీ పత్రిక దాన్ని 1855లో అచ్చేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మాకు గ్రంథమే లేనట్టు గదా, మరి మా మతమేది దేవుడా అని అడిగింది. పీష్వాల పాలనలో తాలింఖానా ముందు నుంచి నడిచిన పాపానికి తన వాళ్ళ తలలు నరికి బంతులాట ఆడారని రాసింది. నెత్తిన చూరు లేక ఎండావానల్లో పురుడు పోసుకునే ఆడవాళ్ళ గోస రాసింది. చదువే మీ రోగానికి మందని తన జనానికి చెప్పింది. ఆ అమ్మాయి చేతిలో గైడు లేదు. ‘వాళ్ళు’ అనలేదు, ‘మేము’ అంది. అందుకే ఇన్నేళ్ళయినా ఆ వ్యాసం బతికుంది.

మన బాబాసాహెబు సంగతి చూడండి. 1916 మే 9న అమెరికాలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో, 25 ఏళ్ళ విద్యార్థిగా భారతదేశంలో కులాల మీద వ్యాసం చదివాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. కులం మాయని మచ్చ అని అక్కడితో ఆగలేదాయన. అది ఎట్లా పని చేస్తుందని అడిగాడు. కులం లోపలే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటే దానికి ప్రాణమని చెప్పాడు. సతి, విధవకు పెళ్ళి లేకుండా చేయటం, బాల్యవివాహం ఇవన్నీ ఆ కట్టుబాటును కాపాడటానికే ఉన్నాయని చూపించాడు. మచ్చ అంటే తుడిస్తే పోతుందనుకుంటాం. యంత్రం అని తెలిస్తే విప్పి చూస్తాం, పగలగొడతాం. 1936లో లాహోరు సభకు రాసిన ‘కుల నిర్మూలన’ ప్రసంగంలో మాటలు మార్చమంటే మార్చనన్నాడు. సభ రద్దయినా సరే, సొంత ఖర్చుతో అచ్చేసుకున్నాడు. అట్లాంటి మనిషి జయంతికి మనమే పోటీలు పెట్టి ‘అంబేద్కర్ జీవిత విశేషాలు’ బట్టీ రాయించి స్టీలు గిన్నెలు పంచుతున్నాం!

భాష సరిగా లేదంటారు. ఎవరి భాష? పిల్లల వ్యాసం ఏ తెలుగులో ఉండాలని 1910ల దశాబ్దంలో పెద్ద పోరే నడిచింది. వాడుక భాష వైపు గిడుగు, గురజాడ నిలబడ్డారు. గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు. మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ 1914లో అసమ్మతి పత్రమే రాసిచ్చాడు. ఆ పోరు మంచిదే, దాని ఫలం మనమూ తింటున్నాం. కానీ చివరికి వాడుక భాష అని గెలిచింది శిష్టుల వాడుక. మాలపల్లె, మాదిగపల్లె నోటిమాటకు పరీక్ష పేపరు మీద చోటు ఇంకా రాలేదు. ఆ పోరులో మిగిలిపోయిన సగం మనది.

“మాష్టారూ, ఇవన్నీ బానే ఉన్నయి గానీ మార్కులు పోతే పిల్లోడి బతుకు పోదా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన భయమే. మార్కులు వదులుకోమని మేము చెప్పం. ఆ మార్కులతోనే మేమీ ఉద్యోగంలోకొచ్చాం. పరీక్షకు కావలసింది పరీక్షలో రాయనీయండి. అయితే అదొక్కటే రాత అనుకోనీయొద్దు. “పిల్లల మనసుల్లో కులం నాటుతున్నారు” అని ఇంకొందరంటారు. అయ్యా, దోసిట్లో నీళ్ళు పోసిననాడే నాటారు. మేము రాయమంటున్నది ఆ నాటినవాడి పేరు.

ఇప్పుడు గైడు కూడా అక్కర్లేదు, ఫోన్లో అడిగితే వ్యాసం చేతికొస్తోంది. అందులోనూ అదే ‘మనం’, అదే ‘వారు’. కాబట్టి పని మనమే మొదలుపెట్టాలి.

సంఘాల కార్యకర్తలారా! రేపటి ఏప్రిల్ 14కి పోటీ పెడితే ఈ విషయాలివ్వండి: మా పల్లెకు నీళ్ళెట్లా వస్తాయి? మా అమ్మ కూలి లెక్క. మా శ్మశానానికి దారి. మా తాత చూసిన ఊరు. పిల్లల్ని పలక పట్టుకున్నట్టు కాయితం పట్టుకుని పెద్దల దగ్గరకు పంపండి, అడిగి రాయించండి. రాసిన వ్యాసాలను విగ్రహం దగ్గర అందరి ముందు చదివించండి. తప్పుంటే చదువు రాని పెద్దలే దిద్దుతారు. మా నాయన దిద్దలేదా? ఆ కాయితాలు పారెయ్యొద్దు. శ్మశానం దారి కోసం మండలాఫీసుకు పోయేనాడు అర్జీకి జతచేయండి.

తోటి ఉపాధ్యాయులారా! అక్షర దోషానికి ఎర్ర సిరా వాడండి. నిజానికి వాడొద్దు.

ఆ పిల్ల ఈసారి గైడులోదే రాస్తానంది. రాయనియ్యకుండా చూసే బాధ్యత మనది.

జై భీమ్!